రోడ్డు తవ్వినప్పుడే అడగాలి

ఒక వీధిని బాగుచేసుకోవడానికి మంచి సమయం ఏదని ఎవరైనా అడిగితే, దాన్ని తవ్వి పోసిన సమయమే అంటాను. అప్పుడు ఇంట్లోకి దుమ్ము వస్తుంది, బండి పెట్టుకోవడానికి చోటుండదు, అందరూ విసుగ్గా ఉంటారు. ఎప్పుడు పూడుస్తారు, ఎప్పుడు తారు వేస్తారు అన్నదే అందరి ధ్యాస. ఆ తొందరలో, మళ్లీ పదిహేను ఇరవై ఏళ్లదాకా రాని అవకాశం చేజారిపోతుంది.

సుస్థిర నగరం అనగానే మన కళ్లముందుకొచ్చే బొమ్మ ఒకటుంది. గోడల నిండా మొక్కలున్న ఎత్తైన భవనం, దాని ముందు ఎలక్ట్రిక్ బస్సు, పైన సోలార్ పలకలు. అవి వద్దని నేననను. కానీ నగరం నేలలో పెద్ద వాటా వీధులదే. నగర భూమిలో కనీసం 30 శాతం వీధులకు ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగమే సిఫారసు చేస్తుంది. నీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ వీధి కిందే. వాన నీరు పోయేదీ, మనిషి నడిచేదీ, చెట్టు బతికేదీ దాని మీదే. ఈ వీధులన్నిటినీ ఎవరు అడిగినా అడగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు తవ్వుతారు, పూడుస్తారు, పైపొర మారుస్తారు. ఆ డబ్బు ఎలాగూ ఖర్చయ్యేదే. 'గ్రీన్' అని పేరు పెట్టి వేరే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, ఈ మామూలు పనుల ఎస్టిమేట్లలో ఏం రాస్తున్నారో చూడాలన్నది నా వాదన.

మా వీధి సంగతే చెబుతాను. మొదట నీళ్ల పైపు మార్చడానికి ఒక పక్కంతా తవ్వారు. మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయకుండా జేసీబీతో తోసేసి పైన తారు పూశారు. కొన్నాళ్లకు కేబుల్ వాళ్లొచ్చి రెండో పక్క తవ్వారు. వానలు పడగానే మొదటి కందకం కుంగింది. గుంతలు పడ్డాయని అందరూ గోలచేస్తే చివరికి రోడ్డు వేశారు, కానీ పాత పొరను గీకకుండా దాని మీదే. ఇప్పుడు మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కంటే లోతులో గుంటల్లా ఉన్నాయి. కొన్ని ఇళ్ల గడపల కంటే రోడ్డే ఎత్తు. ఇదివరకు కాలువలోకి పోయే వాన నీరు ఇప్పుడు గేట్ల కిందనుంచి లోపలికి వస్తోంది. కొత్త రోడ్డేమో నల్లగా నిగనిగలాడుతోంది, ఫొటోలో బాగానే వస్తుంది.

కాలువ సంగతేమిటని పని చూసే ఇంజనీరును అడిగాను. ఆయన పాపం మర్యాదస్తుడే. "అది మా హెడ్డు కాదండీ, మాకు శాంక్షన్ అయింది రోడ్డు వరకే" అన్నాడు. హెడ్డు అంటే పద్దు. రోడ్డుది ఒక పద్దు, కాలువది ఇంకొకటి, ఫుట్‌పాత్‌ది మరొకటి, చెట్లది అసలు వేరే విభాగం. ఎవరికి వారే యమునా తీరే. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన చేతిలో ఉన్న కాగితంలో నిజంగానే కాలువ లేదు. అందుకే నాకు ఆయన మీద కంటే ఆ కాగితం మీద ఎక్కువ కోపం వచ్చింది.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. లేకపోతే అడగకూడనిది అడిగి, అడగాల్సింది వదిలేస్తాం. రోడ్డు పని రెండు రకాలు. ఒకటి, పాత తారును నాలుగైదు సెంటీమీటర్లు గీకి కొత్త పొర వేయడం. రెండోది, పునాది దాకా తవ్వి మొత్తం మళ్లీ కట్టడం. మొదటిదాంట్లో పైపులు మార్చమనీ, చెట్లకు చోటు చేయమనీ అడిగితే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే. కానీ ఆ పైపొర పనిలో కూడా చేయించుకోగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటికి దాదాపు అదనపు ఖర్చే లేదు.

తెల్ల గీతలే తీసుకోండి. కొత్త తారు వేశాక పాత గీతలన్నీ కనబడకుండా పోతాయి. ఎలాగూ మళ్లీ గీయాలి. పాత చోటే గీసినా, అరమీటరు జరిపి గీసినా పెయింట్ ఖర్చు ఒకటే. లేను, అంటే ఒక వరుస బండ్లు పోయే జాగా, దాన్ని 3.5 మీటర్ల నుంచి 3 మీటర్లకు తగ్గిస్తే బండ్లు తమంతట తాము నెమ్మదిస్తాయి, మిగిలిన జాగా సైకిలుకో నడిచేవాళ్లకో వస్తుంది. వేగం ఎందుకంత ముఖ్యమంటే, 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిలో ఉండే శక్తి 30తో వచ్చే బండిలో ఉన్నదానికి దాదాపు 2.8 రెట్లు. తగిలే మనిషి ఒంటికి ఆ తేడా తెలుస్తుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధుల్లో వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లే. 2024 జులై నుంచి 2025 జులై దాకా పన్నెండు నెలల్లో ఆ నగరంలో రోడ్డు ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఇది బోర్డులు పెట్టినందువల్ల మాత్రమే జరగలేదు. వీధుల కొలతలు మార్చారు, కెమెరాలు పెట్టారు, ఏళ్ల తరబడి ఆ పని మీదే ఉన్నారు.

గీతల డ్రాయింగు చాలాచోట్ల కాంట్రాక్టరుకు ఇచ్చే కాగితాల్లో చిట్టచివరి పేజీ. పాత డ్రాయింగునే మళ్లీ జతచేసి పంపేస్తారు. ఆ ఒక్క పేజీని ముందే చూసిన వీధికీ చూడని వీధికీ తేడా ఉంటుంది.

ఫుట్‌పాత్ చివర ర్యాంపు సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికాలో 1990లో వైకల్యాలున్నవారి హక్కుల చట్టం వచ్చింది. ఏ సౌకర్యాన్నైనా 'మార్పు' చేసినప్పుడు అందరికీ అందుబాటులో ఉండేలా చేయాలని అందులో ఉంది. రోడ్డుకు కొత్త తారు వేయడం మార్పా, మామూలు మరమ్మతా? ఫిలడెల్ఫియాలో ఈ ప్రశ్న మీదే గొడవ వచ్చింది. తారు మాత్రమే మారుస్తున్నాం, ఫుట్‌పాత్ జోలికి వెళ్లడం లేదు కాబట్టి ర్యాంపులు వేయనక్కర్లేదని అధికారుల వాదన. నడవలేనివాళ్లు కోర్టుకెళ్లారు. 'కిన్నీ వర్సెస్ యెరుసలీం' అనే ఆ కేసులో 1993లో అప్పీల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మామూలు జనానికి వీధిని మెరుగుపరిచేటప్పుడు నడవలేనివాళ్లకు కూడా మెరుగుపరచాలన్నది ఆ తీర్పు సారం. అంటే తారు మారిస్తే ర్యాంపు వేయాల్సిందే. ర్యాంపుల కోసం ప్రత్యేక పథకం, ప్రత్యేక నిధి, ప్రత్యేక శంకుస్థాపన అక్కర్లేకుండా, వేసిన ప్రతి కొత్త రోడ్డూ తనతోపాటు ర్యాంపును తెచ్చుకునే ఏర్పాటు అది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

నియమం ఉన్నచోట తప్పించుకునే దారీ వెతుకుతారు. పగుళ్లు పూడ్చాం, పల్చటి పూత పూశాం, ఇది మార్పు కాదు, మరమ్మతే అని చెప్పుకోవచ్చు. 2013లో అక్కడి న్యాయ, రవాణా శాఖలు కలిసి ఏది మార్పు, ఏది మరమ్మతు అని పనుల పేర్లు విడివిడిగా రాసి వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఇంత చిన్న విషయానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన ఊహలో నగరాలు మారేది పెద్ద పెద్ద మాస్టర్ ప్లాన్లతో. కానీ చాలాసార్లు అవి మారేది ఇలాంటి నిర్వచనాల దగ్గర.

మలుపులో జరిగేది దగ్గరగా చూస్తే ఇదంతా ఎందుకో తెలుస్తుంది. పెద్ద రోడ్డులోకి చిన్న వీధి కలిసేచోట ఫుట్‌పాత్ తెగిపోతుంది. అంచు జానెడు ఎత్తు. దిగితే నీళ్లు నిలిచిన పల్లం. మలుపు విశాలంగా ఉంటుంది కాబట్టి బండ్లు వేగం తగ్గించకుండానే తిరుగుతాయి. కర్రతో నడిచే పెద్దావిడ ముందు కర్ర దించి నీటి లోతు చూసుకుంటుంది, తర్వాత ఒక చేత్తో కరెంటు స్తంభం పట్టుకుని ఒక కాలు దించుతుంది, ఈలోపు హారన్ మోగుతుంది. తర్వాత ఆవిడ ఫుట్‌పాత్ ఎక్కడమే మానేసి రోడ్డు మీదే నడుస్తుంది. చూసేవాళ్లు "ఫుట్‌పాత్ వేసినా ఎవరూ వాడరు" అంటారు. అదే చోట ఫుట్‌పాత్‌ను అదే ఎత్తులో చిన్న వీధికి అడ్డంగా కొనసాగిస్తే మనిషి దిగక్కర్లేదు, బండే ఎక్కి దిగాలి. అది స్పీడ్ బ్రేకర్‌గానూ పనికొస్తుంది. మలుపును కాస్త ఇరుకు చేస్తే తిరిగే బండి నెమ్మదిస్తుంది. పైపొర పని జరిగేటప్పుడు మనుషులు, యంత్రాలు, ట్రాఫిక్ మళ్లింపు అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి దీన్ని కలపడం తేలిక. ఒక సంవత్సరం తర్వాత విడిగా చేయాలంటే మళ్లీ అవన్నీ తేవాలి.

ఇక రెండో రకం పని, అంటే లోతుగా తవ్వే పని. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

వాన లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న వీధి మీద 50 మిల్లీమీటర్లు పడితే 80,000 లీటర్లు. ఇందులో ఇళ్ల కప్పుల మీద పడేది కలపలేదు. అంతా తారు, కాంక్రీటు అయితే ఆ నీరంతా ఒకేసారి ఒకే పైపు దగ్గరికి పరిగెడుతుంది. 2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ మీద రెండు మూడు గంటల్లోనే దాదాపు 150 మిల్లీమీటర్ల వాన కురిసింది. నష్టం ఆరు వందల కోట్ల డేనిష్ క్రోన్‌ల దాకా తేలింది. మరుసటి ఏడాది వాళ్లు కుండపోత వానల కోసమే ఒక ప్రణాళిక ఆమోదించారు. దాదాపు 300 పనులు, ఇరవై ఏళ్లకు సరిపడా. అందులో గమనించాల్సింది ఏమిటంటే, పైపులన్నీ పెద్దవి చేయడం కంటే, నీరు నేల మీదే పారేలా, కాసేపు నిలిచేలా వీధులను, పార్కులను మార్చడం కలిపి చేస్తే ఖర్చు తక్కువని లెక్క తేలింది. మామూలుగా రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది కదా. కొన్ని వీధులకు దాన్ని తిరగేసి, మధ్యలో పల్లం వచ్చేలా చేయాలనుకున్నారు. పెద్ద వాన వస్తే నీరు ఇళ్ల వైపు పోకుండా నడిరోడ్డున పారుతుంది. అరుదుగా వచ్చే ఆ కొన్ని గంటలు రోడ్డే కాలువ. వాలు మార్చడమంటే మొత్తం తవ్వాల్సిందే. తవ్వే రోజు కాక ఇంకెప్పుడు చేస్తారు?

చెట్ల విషయమూ అంతే. వీధి పక్క చెట్టు ఎందుకు చస్తుందో చాలామంది నీళ్లు లేకనే అనుకుంటారు. కారణం తరచుగా కింద ఉంటుంది. రోడ్డు గట్టిగా ఉండాలని మట్టిని రోలరుతో అణగదొక్కుతారు. ఆ మట్టిలో గాలి ఆడదు, వేరు దూరదు. చెట్టుకు మిగిలేది అది పాతిన చిన్న గుంతే. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నగరపాలక సంస్థలో చెట్ల బాధ్యత చూసిన బ్యోర్న్ ఎంబ్రెన్ ఇంకో దారి పట్టాడు. తవ్విన చోట పెద్ద పెద్ద కంకర రాళ్లు పరిచి, రాళ్ల మధ్య ఖాళీల్లోకి మట్టిని నీళ్లతో కొట్టి దింపుతారు. బరువంతా రాళ్లు మోస్తాయి కాబట్టి పైన బండ్లు తిరిగినా కింద ఖాళీలు నలగవు, వేళ్లు వాటిలోంచి పోతాయి. రోడ్డు మీది వాన నీటిని, గాలిని అక్కడికి దింపే చిన్న గదులుంటాయి. తర్వాత తోటల చెత్తను కాల్చి చేసిన బయోచార్ అనే బొగ్గు కూడా కలపడం మొదలుపెట్టారు. ఈ బయోచార్ పథకానికి 2014లో బ్లూమ్‌బర్గ్ సంస్థ మేయర్ల పోటీలో బహుమతి వచ్చింది. ఎండిపోతున్న పాత చెట్లు కూడా ఈ పద్ధతితో కోలుకున్నాయి. ఏటా ఉత్సాహంగా మొక్కలు నాటి ఫొటోలు దిగే సంస్థలు ఈ కంకర గురించి ఒక్కసారి ఆలోచిస్తే బాగుండును.

పదేపదే తవ్వడం మాటేమిటి? దీనికి పాత జవాబులే ఉన్నాయి. పారిస్‌లో 1850ల నుంచి బెల్‌గ్రాండ్ అనే ఇంజనీరు కట్టించిన మురుగు సొరంగాలు మనిషి నడిచేంత ఎత్తు. వాటి లోపలే నీళ్ల పైపులు, తర్వాత కేబుళ్లు వేలాడదీశారు. పైపు మార్చాలంటే రోడ్డు పగలగొట్టక్కర్లేదు. జపాన్‌లో అన్ని లైన్లూ కలిసి పోయే సొరంగాల కోసం 1963లో ప్రత్యేక చట్టమే చేశారు. ఇవి ఖరీదైనవి, ప్రతి సందుకూ కుదరవు. నెదర్లాండ్స్ వాళ్లది చవక పద్ధతి. ఇళ్ల మధ్య వీధులు చాలావరకు ఇసుక మీద పేర్చిన ఇటుకలు. పైపు పాడైతే ఇటుకలు తీసి పక్కన పేర్చి, పని కానిచ్చి, మళ్లీ అవే ఇటుకలు పరుస్తారు. గౌడా లాంటి ఊళ్లలో నేల మెత్తన, వీధులు కుంగుతూ ఉంటాయి కాబట్టి కొన్నేళ్లకోసారి ఇసుక పోసి ఎత్తు చేయక తప్పదు. అలా తీసిన ప్రతిసారీ కిందిదీ చూసుకోవచ్చు, పైన వీధి రూపమూ మార్చుకోవచ్చు.

ఇంకో జవాబు నియమాలది. న్యూయార్క్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ కొత్తగా వేసిన రోడ్డును ఐదేళ్లపాటు తవ్వాలంటే మామూలు అనుమతి చాలదు. లండన్‌లో 2012 నుంచి రద్దీ రోడ్లను తవ్విపెట్టుకున్న సంస్థలు రోజుకు గరిష్ఠంగా 2,500 పౌండ్ల దాకా కట్టాలి. రోజుల లెక్కన డబ్బు పోతుంటే రెండు సంస్థలు కలిసి ఒకేసారి తవ్వుకోవడం గురించి వాటంతటవే మాట్లాడుకుంటాయి. సమన్వయ కమిటీ సమావేశాల్లో టీ తాగి చేయలేని పని అది.

అన్నిటికంటే సూటిగా పని చేసేది, తవ్వకాన్నీ మెరుగుదలనూ చట్టంతోనే ముడిపెట్టడం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ 2019లో అలాంటి నిబంధన తెచ్చింది: సైకిల్ ప్లాన్‌లో ఉన్న వీధిని మళ్లీ కడితే, విడిగా సైకిల్ దారి పెట్టి తీరాలి. లాస్ ఏంజెలెస్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ బస్సులు, సైకిళ్లు, నడక కోసం 2015లో మంచి ప్లాన్ ఆమోదించారు. ఏళ్లు గడిచినా అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. రోడ్లు మాత్రం వేస్తూనే ఉన్నారు, పాత రూపంలోనే. చివరికి పౌరులే సంతకాలు సేకరించి ఓటింగుకు పెట్టించారు: నగరం 660 అడుగులకు మించి రోడ్డు వేస్తే, ఆ ముక్కకు ప్లాన్‌లో ఉన్నవన్నీ చేయాల్సిందే. 2024 మార్చిలో అది పెద్ద మెజారిటీతో నెగ్గింది.

దీనికి వ్యతిరేకంగా చెప్పేవాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. ఒక్కో వీధికీ ఇన్ని కలిపితే ఖర్చు పెరుగుతుంది, అదే డబ్బుతో తక్కువ రోడ్లు వేస్తారు, గుంతల్లో ఉన్న వీధి ఇంకా ఆగాలి. లాస్ ఏంజెలెస్‌లో కూడా ఖర్చు చూపించే భయపెట్టారు. ఖర్చు పెరగడం నిజమే. కానీ ఎప్పటికీ చేయకపోవడంతో పోల్చితేనే అది ఖర్చులా కనిపిస్తుంది. విడిగా చేయడంతో పోల్చితే లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే తవ్వడం, పూడ్చడం, ట్రాఫిక్ మళ్లించడం అనే బరువైన పద్దులు ఒక్కసారే పడతాయి. ఆలస్యం గురించి మాత్రం నాకూ భయమే. ప్రతి వీధికీ కొత్తగా చర్చ, కొత్తగా డిజైన్, అయిదు విభాగాల సంతకాలు అంటే ఏ పనీ కదలదు. అందుకే ముందే రాసిపెట్టిన పొట్టి నియమం మేలు. పైపొర అయితే ఈ మూడు, లోతు తవ్వకం అయితే ఈ ఆరు, అంతే. కుదరకపోతే ఎందుకు కుదరలేదో ఇంజనీరు సంతకంతో రాయాలి.

ఏ వీధి ముందు అన్నది ఇంకో తలనొప్పి. ఫిర్యాదుల లెక్కన వేస్తే, ఫోను చేసే తీరికా పలుకుబడీ ఉన్న వీధులకే రోడ్లు పడతాయి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ 2019లో పది కోట్ల డాలర్ల మూడేళ్ల ప్రణాళిక వేసినప్పుడు, రోడ్డు ఎంత పాడైంది అన్నదానికి తోడు అక్కడ ఉండేవాళ్ల పేదరికం లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంది. డబ్బులో ఎక్కువ వాటా లోపలి వీధులకే పెట్టింది. వీధి బాగుపడితే అద్దెలు పెరిగి ఉన్నవాళ్లే వెళ్లిపోవాల్సి వస్తుందన్న మాటా వింటాం. ఒకే ఒక్క వీధిని అద్దంలా తీర్చిదిద్దితే అది జరుగుతుంది కూడా. ఊరంతా వరుసగా మామూలు పద్ధతిలో బాగుపడుతుంటే ఏ ఒక్క వీధీ అంత ప్రత్యేకం కాదు.

మీ వీధిలో ఇంకా జేసీబీ దిగకపోతే మీకు సమయం ఉంది. ఏటా వేయబోయే రోడ్ల జాబితా ఒకటి తయారవుతుంది, దానికీ టెండరుకూ మధ్య కొన్ని నెలలుంటాయి. టెండరు అయ్యాక ఏం అడిగినా అది ఒప్పందంలో మార్పు అవుతుంది, దానికి వేరే అనుమతి, వేరే రేటు, అందుకే ఎవరూ ముట్టుకోరు. కాబట్టి ఆ నెలల్లోనే వెళ్లి నాలుగు విషయాలు అడగాలి. పాత పొర గీకుతున్నారా, మీద వేస్తున్నారా? మలుపుల్లో ర్యాంపులు డ్రాయింగులో ఉన్నాయా? గీతల పేజీ కొత్తదా, పాతదా? రోడ్డు వేశాక ఐదేళ్లలో దాన్ని తవ్వే పని ఏ సంస్థకైనా ఉందా? మొదటి మూడింటికి జవాబు డ్రాయింగులోనే దొరుకుతుంది. నాలుగోదానికి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.